మంచులో పన్నెండు టవర్లు

ఆ రోజుకి ఇంజినీరుగారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా కమిటీని కొండ మీది వ్యూ పాయింటుకి తీసుకెళ్లాలి, లోయ చూపించాలి, సంతకం పెట్టించుకోవాలి, భోజనానికి ఇంటికి వచ్చెయ్యాలి. అది రక్షిత ప్రాంతం. అక్కడ కొమ్మ విరవాలన్నా అనుమతి కావాలి. కానీ ఆ నియమం పుట్టకముందే పాతిన పన్నెండు కరెంటు టవర్లు మాత్రం లోయ నడుమ నుంచి దర్జాగా నడిచిపోతున్నాయి. వాటిని పీకేసి తీగల్ని భూమిలోకి దించాలని ఆయన ఎనిమిదేళ్లుగా ఫైలు మోస్తున్నారు. ఆఫీసులో ఆయనకి 'పాతాళం సార్' అని పేరు కూడా పడింది. కమిటీ గడువు ఆ మధ్యాహ్నంతో సరి. సంతకం పడకపోతే ఫైలు మళ్లీ మొదటి బల్ల మీదికి పోతుంది. ఆయనకేమో ఏడు నెలల సర్వీసే మిగిలింది.

"ఏవండీ, ఫొటో సంచిలో పెట్టాను. ఫ్లాస్కు ఒంపెయ్యకండి," అని భార్య గుమ్మం దాకా వచ్చి చెప్పింది.

జీపు దిగేసరికి లోయ లేదు. రెయిలింగు అవతల మొదలైన తెల్లదనం ఆకాశం దాకా అలాగే ఉంది. అంత పొగమంచు ఆయన ఎన్నడూ చూడలేదు. డ్రైవరు కూడా ఇంజను ఆపి, చప్పుడు చెయ్యకూడని చోటికి వచ్చినవాడిలా నిలబడిపోయాడు.

కమిటీ అంటే ముగ్గురు. అధ్యక్షురాలు రిటైరైన హెడ్‌మాస్టరమ్మ. కళ్లతో చూడనిది కాగితం మీద పెట్టరని ఆవిడకి పేరు. మిగతా ఇద్దరూ ఆవిడ ఎటు చూస్తే అటు చూస్తారు.

"టవర్లేవండీ?"

"ఎదురుగానే ఉన్నాయి మేడమ్."

"నాకేం కనబడ్డం లేదే."

ఇంజినీరుగారు గబగబా ఫొటో తీసి చేతికిచ్చారు. ఇంట్లో ఫొటోలు రెండున్నాయి. ఒకటి ఉన్నదున్నట్టు తీసింది, రెండోది కంప్యూటర్లో టవర్లు చెరిపేసి చేయించింది. చూడ్డానికి బాగున్నదాన్నే భార్య సంచిలో పెట్టింది. ఎవరైనా అదే పెడతారు.

"ఎంత బావుందండీ," అన్నారు మేడమ్. "ఇందులో తీసెయ్యడానికేముంది?"

"అది తీసేశాక ఉండే లోయ మేడమ్."

"తీసేశారా? మరి నా సంతకం దేనికి?"

సాక్ష్యం చెప్పిద్దామని కంట్రోల్ రూముకి ఫోను చేశారు. ఎత్తినవాడు కొత్తవాడు. టవర్లు కనిపించడం లేదని కమిటీవారు అంటున్నారనీ, పన్నెండూ ఉన్నాయని కాస్త చెప్పమనీ ఆయన అడిగారు. మొదటి సగం వినపడ్డాక సిగ్నలు పోయింది. కొత్తవాడు మీటరు చూశాడు. లైన్లో కరెంటు పారుతూనే ఉంది. టవర్లు లేకుండా కరెంటు పారుతోందంటే అది మరీ ప్రమాదం కదా అని లైను ఆపే మీట వెతకసాగాడు.

ఈలోగా ఇంజినీరుగారికి ఒక ఉపాయం తట్టింది. తడిగాలిలో తీగలు ఝుమ్మంటాయి, కళ్లు కాకపోతే చెవులైనా నమ్ముతాయి. ముగ్గురినీ కాలిబాట వెంట మొదటి టవరు వైపు కొంత దూరం దింపారు. తలపైన ఎక్కడో తేనెపట్టు కదిలినట్టు సన్నటి మోత. వినమని ఆయన వేలెత్తారు. మేడమ్ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే మోత ఆగిపోయింది.

"ప్రశాంతంగా ఉంది," అన్నారు మేడమ్ మెచ్చుకోలుగా.

ఫోను మోగింది. భార్య. "కరెంటు పోయిందండీ. వీధంతా పోయింది. మీ ఆఫీసువాళ్లకి కాస్త చెప్పండి."

వాళ్లు తిరిగి పైకొచ్చేసరికి మూడు లారీల్లో వచ్చిన లైన్‌మన్లు కిందికి దిగుతున్నారు. కాసేపటికి వాళ్ల మేస్త్రీ నుదురు పట్టుకుని వెనక్కి వచ్చాడు.

"పన్నెండూ ఎవరో ఎత్తుకుపోయారని పరిగెత్తించారు సార్. ఇదిగో, మొదటిది నా నెత్తికే తగిలింది."

అయినా కంట్రోల్ రూము పట్టు వదల్లేదు. ఒక్కో టవరు చివరికీ మనిషి ఎక్కి, దీపం పెట్టి, ఉందని చెబితేగానీ లైన్లో కరెంటు వదలనంది. మేస్త్రీ గొణుక్కుంటూ మనుషుల్ని పంపాడు.

అప్పుడు తెల్లదనంలో ఒక దీపం వెలిగింది. దాని అవతల ఇంకొకటి. మంచు మెల్లగా కిందికి జారుతుంటే, దీపాల కింద భుజాలు తేలాయి, తర్వాత నడుములు. పాలసముద్రంలో మోకాటి లోతున పన్నెండుగురు మహాకాయులు దీపాలు మోసుకుని వరసగా ఎటో వెళ్తున్నట్టుంది. మేస్త్రీ నుదుటి మీది చెయ్యి కూడా తీసేశాడు. ఒక సభ్యుడు మొదటిసారి మేడమ్ వైపు చూడకుండా తనంతట తనే చూశాడు.

మేడమ్ ఫైలు తీసుకుని రాశారు: 'ఈ టవర్లు లోయకు అలంకారం. కదిలించరాదు.'

ఇంజినీరుగారు అడ్డుపడాల్సింది. ఆయనా దీపాలనే చూస్తున్నారు. ఎనిమిదేళ్లలో మొదటిసారి అవి ఆయనకీ అందంగా కనిపించాయి. ఆవిడ కలం ఇంకా సంతకం దగ్గరికి రాలేదు.

ఈలోగా ఎండ వచ్చింది. మంచు చిరిగిపోయి, అడుగు దాకా లోయ మొత్తం తడితడిగా బయటపడింది. ఏరు మలుపు, దాని రెండు ఒడ్డుల మీదా పచ్చిక, కొండ మీద కొండ, వాటి వెనక ఇంకా పేరు పెట్టని నీలం. వాటన్నిటికీ అడ్డంగా, మంచి వ్యాసాన్ని ఎవరో కొట్టేసినట్టు, ఈ కొసనుంచి ఆ కొసకి నల్లటి తీగలు.

మేడమ్ చాలాసేపు చూశారు. జీవితమంతా పిల్లల రాతలు దిద్దిన ఆవిడ, తను రాసినదాన్ని తనే కొట్టేశారు. టవర్లు తీసేయాలని రాసి, సంతకం పెట్టి, కింద మరో ముక్క చేర్చారు: 'పని వెంటనే మొదలుపెట్టాలి, మళ్లీ మంచు పట్టేలోగా.'