చేతులు బల్ల కింద పెట్టుకోండి!

సర్జన్‌కి చేతులు ముఖ్యమని మీకెవరు చెప్పారండీ? ఎవరు చెప్పినా సరే, వాళ్ళని ఓసారి నా దగ్గరికి పంపండి. సర్జన్‌కి కావలసింది నోరు! నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. ఊరే మంచిదైపోయాక ఒక్క పొట్ట బాగుపడదా?

ఇది గాలిమాట కాదు. మా మానిజాలెస్ విశ్వవిద్యాలయంలో సర్జరీ రెసిడెన్సీ, అదే పీజీ, సీట్ల కోసం జరిగే ఇంటర్వ్యూలో బల్ల వెనక కూర్చునే ముగ్గురు ప్రొఫెసర్లలో పదకొండేళ్ళ పాటు నేనొకణ్ణి. సీట్లు నాలుగు. వచ్చేవాళ్ళు మూడు వందల మంది. రాతపరీక్షలో గట్టెక్కినవాళ్ళని పావుగంట కూర్చోబెట్టి, మనిషిని నిలువునా చదివేసేవాళ్ళం. ఇంక ఎక్స్‌రేలు దేనికి?

ఈ ఇంటర్వ్యూకి తయారవడం ఒక పీడ అని కుర్రకారు గోల పెడుతుంటారు. పీడా? వరమండీ, వరం! నమ్మకపోతే యురానీ ఓస్పినా సంగతి వినండి.

యురానీ పక్కనే ఉన్న నేయిరా ఊరిపిల్ల. తల్లి బట్టలు కుడుతుంది, తండ్రి కాఫీతోటలో పనివాడు. మెడిసిన్ చివరి ఏడాదికి వచ్చేదాకా ఆ పిల్లకి లోకజ్ఞానం బొత్తిగా లేదు. ప్రతి శనివారం బజారులో పందికాళ్ళు కొనేది. వాటిని కోసేది, కుట్టేది, విప్పేది, మళ్ళీ కుట్టేది. పని అయ్యాక వాళ్ళమ్మ వాటిని కడిగి బీన్స్‌లో వేసి ఉడకబెట్టేది.

"ఒసేయ్, మళ్ళీ బీన్స్‌లో దారం వచ్చిందే! మీ మామయ్య పళ్ళ సందున ఇరుక్కుంది!"

"అది కరిగిపోయే దారంలేమ్మా, ఏమీ కాదు."

"నీ డాక్టరీ నా గిన్నెలో చెయ్యకు తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

చూశారా, ఎంత అనాగరికమో? అదృష్టం కొద్దీ ఎవరో చెబితే ఇంటర్వ్యూ కోచింగులో చేరింది. నడిపేది పిలార్ మేడమ్. ఒకప్పుడు టీవీలో వార్తలు చదివేది. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. అందుకే సర్జన్లని తయారు చెయ్యడానికి ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు.

మొదటి పాఠం చేతుల గురించే. "మాట్లాడేటప్పుడు చేతులు ఆడించకు. కంగారు పిల్ల అనుకుంటారు. బల్ల కింద, ఒళ్ళో పెట్టుకో. అసలు అవి ఉన్నాయన్న సంగతే మర్చిపో, బంగారం."

రెండో పాఠం నవ్వు. మూడు పళ్ళు కనబడాలి. నాలుగోది కనబడితే అహంకారం కింద లెక్క! మూడో పాఠం, "మా విశ్వవిద్యాలయాన్నే ఎందుకు ఎంచుకున్నారు?" అన్న ప్రశ్న. ఏడు నగరాలకి ఒకే జవాబు, ఊరిపేరు మారిస్తే చాలు. ఆ కిందటేడు ఒకడు పేరు మార్చాడు గానీ తక్కింది మార్చడం మర్చిపోయి, మా నగరపు సముద్రతీరాన్ని తెగ మెచ్చుకున్నాడు. మాది కొండ మీది ఊరు. అయినా ఎనిమిది మార్కులేశాం, ధోరణి బాగుందని.

అన్నిటికన్నా పెద్ద పాఠం లోపం గురించి. "నీ అతిపెద్ద లోపం ఏమిటి?" అని అడిగితే ఏం చెప్పాలి?

"లోపం అడిగారని లోపం చెప్పేస్తావా, పిచ్చిదానా!" అంది పిలార్ మేడమ్. "గుణాన్నే లోపంలా మొహం పెట్టి చెప్పాలి. 'నాకు అతిశ్రద్ధ' అను. అని, కాస్త తల దించు."

మూడు నెలల్లో పిల్ల మనిషి అయింది. పందికాళ్ళు కొనడం మానేసింది. మామయ్య పళ్ళు బాగుపడ్డాయి. వాళ్ళమ్మ "అరెపా రొట్టె తింటావుటే?" అని అడిగితే, "మంచి ప్రశ్న అడిగారు. దీనికి మూడు కోణాలున్నాయి" అనేది. తల్లి గుండెల మీద శిలువ గీసుకుని, ఇంటర్వ్యూకని నీలిరంగు కోటు కుట్టిపెట్టింది. ఆ ఇంట్లో అందరి ఆశా ఆ కోటు మీదే. సీటొస్తే యురానీ సర్జన్, రాకపోతే ఏడాదంతా మళ్ళీ మొదట్నుంచి.

ఆ రోజు రానే వచ్చింది. మా విభాగాధిపతి డాక్టర్ బస్తీదాస్ ఎప్పట్లాగే తేలిక ప్రశ్నలతో మొదలెట్టారు.

"మీ నాన్నగారు ఏ ఆస్పత్రిలోనమ్మా?"

"కాఫీతోటలో సార్."

"ఓహో. పిల్లల్ని కనే ఉద్దేశం ఏమైనా ఉందా?"

"పెళ్ళే కాలేదు సార్."

ఆయన ఏదో రాసుకున్నారు. అప్పుడు నేను నా ప్రశ్న వేశాను. "నీ అతిపెద్ద లోపం ఏమిటి?"

"నాకు అతి..." అని ఆగిపోయింది. ఒళ్ళో ఉండాల్సిన చేతులు బల్ల మీదికొచ్చేశాయి!

"ఆర్సేసియో అని, మీ ఆస్పత్రి గేటు దగ్గర కాఫీ అమ్ముతాడు సార్. నేను హౌస్‌సర్జన్‌గా ఉండగా, హెర్నియా ఆపరేషన్ అయిన మర్నాడు 'పొట్ట బిగిసినట్టుంది డాక్టరమ్మా' అన్నాడు. నా డ్యూటీ అయిపోవస్తోంది. చెయ్యి వేసి చూడకుండానే 'బాగుంది' అని రాసేసి బస్సెక్కాను. నాలుగు స్టాపులు దాటాక మనసొప్పలేదు. దిగి వెనక్కి పరిగెత్తాను. చెయ్యి వేస్తే పొట్ట రాయిలా ఉంది. లోపల రక్తం. వెంటనే మళ్ళీ థియేటర్‌కి తీసికెళ్ళారు, బతికాడు. కానీ తప్పు నాదే సార్. చూడకుండా రాశాను."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెద్దలు ఊరికే అన్నారా? పదికి నాలుగు వేశాను. చేతులు ఆడించినందుకు అందులోనే కోత.

తరవాత వచ్చినవాడు ఎస్తేబాన్ అర్బెలాయెస్. తండ్రి మా బస్తీదాస్ గారి క్లాస్‌మేటు, పూర్తిగా కాకతాళీయం! చేతులు ఒళ్ళో, పళ్ళు మూడు. "నా లోపమా సార్? అతిశ్రద్ధ." తల కూడా సరిగ్గా ఎంత దించాలో అంతే దించాడు. తొమ్మిదిన్నర వేశాం. ఆ అర మార్కు ఎందుకు తగ్గించామో ఇప్పటికీ నాకు బాధే.

ఆరేళ్ళు గడిచాయి. నేను రిటైరయ్యాను. ఈ మార్చిలో నా పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి. మా ఆస్పత్రిలోనే చేరాను. సర్జన్ ఎవరనుకున్నారు? ఎస్తేబానే! వచ్చాడు. స్కాన్ చూశాడు. నా పొట్ట వైపు చూడలేదు. పొరపాటున నా నోట్లోంచి పాత ప్రశ్నలాంటిదే ఒకటి ఊడిపడింది.

"బాబూ, ఎప్పుడైనా ఏదైనా పొరపాటు చేశావా?"

మూడు పళ్ళు కనబడ్డాయి. "నా లోపం ఒక్కటే సార్. అతిశ్రద్ధ."

ఆహా, ఏం తయారీ అండీ! ఆరేళ్ళయినా చెక్కుచెదరలేదు. అతను గది దాటగానే లేచి ప్యాంటు తొడుక్కున్నాను.

గేటు దగ్గర ఆర్సేసియో ఫ్లాస్కులు పెట్టుకుని కూర్చున్నాడు. "ఏం డాక్టరు గారూ, సర్జన్లంతా లోపలుంటే మీరు బయటికి పరుగేంటి?"

"మీ డాక్టరమ్మ ఎక్కడుందోయ్ ఇప్పుడు?"

"మీరు వద్దన్న డాక్టరమ్మేనా?" కాఫీ పోసి చేతికిచ్చాడు. "రియోసూసియో ఊళ్ళో సర్జన్. ఏడాది ఆగి పాస్తో నగరంలో సీటు తెచ్చుకుని చదివింది. అక్కడ ఇంటర్వ్యూలో పందికాలు ముందు పెట్టి కుట్టమన్నారట! రియోసూసియోకి మెలికల దారి సార్. బస్సులో పొట్ట జాగ్రత్త."

బస్సులో నేను చేసిన పనేమిటో తెలుసా? తయారయ్యాను! ఎందుకొచ్చారని అడిగితే ఏం చెప్పాలి? కొండగాలి, చిన్న ఆస్పత్రి ప్రశాంతత, యువతరానికి ప్రోత్సాహం. మూడు కోణాలు. నవ్వు కూడా సాధన చేశాను.

యురానీ నన్ను చూసి గుర్తుపట్టింది. కుర్చీ చూపించి, నవ్వకుండా అడిగింది.

"మానిజాలెస్‌లో అంతమంది సర్జన్లుండగా మా ఆస్పత్రినే ఎందుకు ఎంచుకున్నారు సార్?"

నోరు తెరిచాను. ఒక్క కోణమూ రాలేదు. "నీకు నాలుగు మార్కులేశానమ్మా. చూడకుండా వేశాను."

"తెలుసు సార్. పడుకుని చొక్కా పైకెత్తండి."

రెండు చేతులూ రుద్దుకుని, వెచ్చబడ్డాక నా పొట్ట మీద వేసింది. పదకొండేళ్ళు ఇంటర్వ్యూలు చేశాను గదా, బల్లకి అవతలివాళ్ళ చేతులెలా ఉంటాయో చూడడం నాకదే మొదటిసారి.