పాకెట్‌కి కుర్చీ, మనిషికి స్వేచ్ఛ

అయ్యా స్వేచ్ఛా విభాగం వారూ, సుధాకరరావు నేల మీద కూలబడటానికి కారణం మీరే. షుగరు కాదు, ఎండ కాదు, అతని జాతకం అసలే కాదు. మీరు. మీ సూటూ, మీ చిరునవ్వూ, సముద్రాల అవతలి నుంచి మీరు పంపిన ఆ తీర్పూ. బుకాయించకండి.

మానవజాతి చరిత్రలో స్వేచ్ఛ కోసం జరిగిన పోరాటాలన్నిటిలోకీ ఘనమైనది సింగపూర్ పడమటి కొసన, ఒక అమెరికన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంటీన్‌లో, భోజనాల వేళ జరిగింది. చరిత్రకారులు దాన్ని పట్టించుకోలేదు. వాళ్లకి కూర్చోడానికి చోటు దొరికి ఉంటుంది.

సుధాకరరావుది భీమవరం. రెండు వేల సంవత్సరం వచ్చేస్తోంది, ఆ దెబ్బకి కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోయి మతి చలించి తిరుగుతాయని ప్రపంచమంతా హడలిపోతున్న రోజులు. పాత కోబాల్ కంప్యూటరు భాష వచ్చినవాణ్ణల్లా కనబడ్డచోట పట్టుకుని విమానం ఎక్కించేస్తున్నారు. అలా ఎక్కినవాడే ఇతనూ. నడివయసు, కాంట్రాక్టు ఉద్యోగం, బూన్ లే పేటలో నలుగురితో పంచుకున్న ఫ్లాటు, చేతిలో మూడు గిన్నెల క్యారియరు, ఒంట్లో షుగరు. ఆ షుగరుకి డాక్టరు ఒక మాత్ర రాశాడు. అన్నానికి ముందు వేసుకోవాలి. వేసుకున్నాక అన్నం ఆలస్యమైతే చెమటలు పడతాయి, కళ్లు తిరుగుతాయి, మనిషి పడిపోతాడు. మాత్రకి కంపెనీ నిబంధనలు తెలియవు.

నిబంధనలు మాత్రం దండిగా ఉన్నాయి. పనిచేసే బల్ల దగ్గర తినరాదు (మెతుకు పడితే కంప్యూటరు రెండు వేల సంవత్సరం దాకా ఆగకుండా ఇప్పుడే పోతుంది). నిలబడి తినరాదు (ఒలికితే ఎవరో జారిపడతారు, పడ్డవాడు దావా వేస్తాడు). తింటే క్యాంటీన్‌లో, కుర్చీలో కూర్చునే తినాలి. క్యాంటీన్‌లో కుర్చీలు మనుషుల కంటే తక్కువ. కథంతా ఇక్కడే ఉంది.

చేరిన మొదటి రోజే సుధాకరరావు ఒక ఘోరం చేశాడు. ఖాళీ బల్ల మీద చిన్న టిష్యూ పాకెట్ కనిపించింది. మన హోటళ్లలో బిల్లుతో పాటు సోంపు పెట్టినట్టు, ఇక్కడ తినబోయే ముందే మూతి గురించి ఆలోచిస్తారు కాబోలు, ఏం మర్యాద, ఏం మర్యాద అనుకున్నాడు. కూర్చున్నాడు. పాకెట్ చించాడు. ఒలికిన పప్పుచారు తుడిచాడు, చేతులు తుడుచుకున్నాడు, పనిలో పనిగా కళ్లజోడు కూడా తుడుచుకున్నాడు.

పళ్లెం పట్టుకుని ఒకతను వచ్చి నిలబడ్డాడు. రాజేష్ అని, అక్కడే పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు, టీమ్ లీడు. మాట చివర 'లా' అని ఊతపదం తగిలించడం ఆ ఊరివాళ్ల అలవాటు.

"అంకుల్, దిస్ మై సీట్ లా."

"నీ పేరేమైనా రాసుందా బాబూ?"

"నా టిష్యూ పెట్టాను కదా!"

"ఓహో, నువ్వు పెట్టావా? చాలా థాంక్స్. మెత్తగా ఉంది."

క్యాంటీన్‌లోనే టీ కొట్టు పెట్టుకున్న ఆదెమ్మ పగలబడి నవ్వింది. ఆవిడ తాతముత్తాతలు విశాఖ తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఆవిడ తెలుగులో అరవమూ మలయూ పప్పులో తాలింపులా కలిసిపోయి ఉంటాయి.

"అలామాక్! తంబీ, అది చోప్ లా! టిష్యూ ఎట్టీసి మకాన్, అదే తిండి, తెచ్చుకోడానికి ఎల్తారు. వొచ్చీదాకా మనిసికి బదులు అది కూకుంటాది."

సుధాకరరావు ముఖం వెలిగింది. "అంటే, బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టన్నమాట! ముందే చెప్పచ్చు కదండీ."

లేచి, క్షమించమన్నాడు. రాజేష్ కూడా నవ్వేశాడు. ఊళ్లోని ఏ హాకర్ సెంటర్లోనో, చవక తిండి కొట్ల మధ్య అయితే, కథ అక్కడితో అయిపోయేది. కానీ అది అమెరికన్ కంపెనీ. అక్కడ తగువు నవ్వుతో తెగితే తెగినట్టు కాదు, తీర్పుతో తెగాలి. రాజేష్ సరదాకి ఈ ముచ్చట హెడ్డాఫీసుకి ఈమెయిల్లో రాశాడు. అక్కడ స్వేచ్ఛా విభాగం ఉపాధ్యక్షుడు గ్రాడీ దొర దాన్ని చదివి నవ్వలేదు. ఆయనకి నవ్వే అధికారం లేదు.

తీర్పు వచ్చింది. "టిష్యూ పాకెట్ వస్తువు కాదు, అభిప్రాయం. నేనిక్కడ కూర్చోదలచాను అని ఉద్యోగి చేసే ప్రకటన. దాన్ని తొలగించడం అతని నోరు నొక్కడమే. ఒకరికి ఎన్ని అభిప్రాయాలుండాలో నిర్ణయించే హక్కు ఎవరికీ లేదు గనుక, పాకెట్లకు పరిమితి లేదు." (ఆ దేశంలో ఎన్నికలప్పుడు డబ్బు గుమ్మరించడం కూడా మాట్లాడటం కిందికే వస్తుందట. ఆ లెక్కన జేబు నిండినవాడు మహావక్త. ఖాళీ జేబువాడు పుట్టుమూగ.)

మర్నాడు రాజేష్ అట్టపెట్టెతో వచ్చాడు. ఒక పాకెట్ తనకి, ఒకటి తన బ్యాగుకి, ఒకటి వస్తాడో రాడో తెలియని క్లయింటుకి, ఇంకో వరుస మొత్తం భవిష్యత్తుకి.

"ఇన్నెందుకు బాబూ?" అన్నాడు సుధాకరరావు.

"నా అభిప్రాయాలు చాలా స్ట్రాంగ్, అంకుల్."

మిగతా లీడర్లు ఊరుకుంటారా? వారం తిరక్కుండా క్యాంటీన్ అభిప్రాయాలతో నిండిపోయింది. ఆదెమ్మ టీతో పాటు టిష్యూలు కూడా అమ్మడం మొదలుపెట్టింది. నిలబడ్డవాళ్లు మొరపెట్టుకుంటే గ్రాడీ దొర ఎంతో ఓపికగా జవాబిచ్చాడు: చట్టం అందరికీ ఒక్కటే, మీరూ పెట్టుకోండి. (కాంట్రాక్టువాళ్లు గంట కొట్టేదాకా కదలకూడదు. లీడర్లు పొద్దున్నే వెళ్లి పెట్టుకోవచ్చు. చట్టానికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.) ఆ పైన స్వావలంబన అధ్యయన కేంద్రం అనే సంస్థ లోతుగా పరిశోధించి, నిలబడ్డవాళ్లలో కూర్చోవాలన్న పట్టుదల లోపించిందని తేల్చింది. పైవాళ్లు తృప్తిగా కూర్చుని లేస్తే, ఆ కుర్చీ వెచ్చదనం మెల్లగా కిందివాళ్లకి చేరుతుందని కూడా తేల్చింది. ఆ కేంద్రం అద్దె కట్టేది టిష్యూ కంపెనీ.

సుధాకరరావు ప్రాణం నిలబడింది గియాసుద్దీన్ వల్ల. హైదరాబాదు మనిషి, టెస్టరు, వుడ్‌ల్యాండ్స్ నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. మూలన కాలు విరిగిన కుర్చీ ఒకటుంది. దాని మీద పాకెట్ పెడితే జారిపోతుంది గనుక ఎవరూ అభిప్రాయపడలేదు. ఇద్దరూ దాన్ని సగం సగం పంచుకుని, గోడకి ఆనుకుని తినేవాళ్లు. గోంగూర ఇటు, ఖట్టీ దాల్ అటు.

"రావ్ సాబ్, గిదేం లొల్లి? మనిషికొక్క పాకెట్. బస్, ఖతం. అందరూ కూసుంటరు. ఓటింగ్ పెట్టిద్దాం."

"పెట్టిద్దాం భాయ్. నా మాత్ర మీదొట్టు."

ఈ మాట పాకెట్ల సొంతదారుల చెవిన పడింది. ఆ వారమే ఆదెమ్మ కొట్లోకి రెండు రకాల పాకెట్లు దిగాయి. ఎరుపు, నీలం.

"తేడా ఏంటండీ?" అన్నాడు సుధాకరరావు.

"రంగు లా. పెట్టి వొకటే, ఫేక్టరీ వొకటే. నీకేటి గావాల?"

ఎర్రజట్టు క్యాంటీన్ గోడకి ఒక ప్రశ్న అంటించింది: మన కుర్చీలు ఏమైపోయాయి? దానికిందే జవాబు కూడా ఇచ్చింది: రెండో అంతస్తు కంపెనీవాళ్లు మన క్యాంటీన్‌కొచ్చి తింటున్నారు, తలుపు మూసేయండి. నీలంజట్టు ఎదుటి గోడకి ఇంకా పెద్ద బోర్డు కట్టింది: రెండో అంతస్తు సోదర సోదరీమణులకు స్వాగతం, సుస్వాగతం. బోర్డు చాలా అందంగా ఉంది. దాని కింద కూర్చున్న నీలంజట్టు లీడరు, సోదరుల్లో ఎవరికీ కుర్చీ మాత్రం ఇవ్వలేదు. ఇస్తే వాళ్ల ఆత్మగౌరవం దెబ్బతింటుందట.

రెండో అంతస్తు నుంచి నిజంగా వచ్చేది ఒక్కావిడ. కాత్యాయని అని, నిండు గర్భిణి. తలుపు పక్కన నిలబడి జనాన్ని చూసి వెళ్లిపోయేది.

సుధాకరరావు ఎర్ర పాకెట్ కొన్నాడు. పెట్టడానికి కుర్చీ లేదు గనుక చొక్కా జేబులో పెట్టుకు తిరిగాడు. అంతవరకూ అతనికి తన కుర్చీ ఎవరు తీసుకున్నారో తెలియక మనసు కుతకుతలాడేది. ఇప్పుడు తెలిసింది. తెలిసినవాడికి ఆకలి మీద కోపం పోయి మనిషి మీద కోపం వస్తుంది, అదో సుఖం.

"ఆవిడ ఒక్కపూట అయినా కూసున్నదా రావ్ సాబ్? రాజేష్ పాకెట్లు నీకు కనిపిస్తలేవా?" అన్నాడు గియాసుద్దీన్.

"నువ్వు నీలంవాడివి. అలాగే అంటావులే."

"నేను నీలం ఎప్పుడైన మియా? నా జేబు జూడు, కర్చీఫే ఉన్నది!"

"ఎరుపు కాకపోతే నీలమే!"

విరిగిన కుర్చీ మీద మధ్యగా చాక్‌పీసుతో గీత వెలిసింది. కొన్నాళ్లకి మాటలు లేవు. తర్వాత గియాసుద్దీన్ దొంగచాటుగా తినడానికి మెట్ల దగ్గరికి పోయాడు. అతను లేకపోతే కుర్చీ ఒరిగిపోతోంది గనుక సుధాకరరావుకీ అది దక్కలేదు. ఇప్పుడతను మాత్ర మింగి, క్యారియరు పట్టుకుని, ఎవరైనా లేస్తారేమోనని బల్లల చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు.

ఓటింగ్ రోజు వచ్చింది. మనిషికొక్క పాకెట్ చాలా, చాలదా? చేతులెత్తారు. రెండువైపులా సమానంగా తేలింది. ఎత్తని చెయ్యి సుధాకరరావుది. కూర్చునే జాగా కోసం కాళ్లు పీకుతున్నాయి, ఇంకేం ఆలోచించాలి? సరిగ్గా అప్పుడు రాజేష్ పక్కకొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"అంకుల్, నెక్స్ట్ ఇయర్ మీరూ లీడ్ అవ్వచ్చు లా. అప్పుడు మీకు కూడా ఒక్కటే పాకెట్ అంటే ఎలా?"

సుధాకరరావు కళ్లు మూసుకున్నాడు. కిటికీ పక్కన పొడుగాటి బల్ల. దాని మీద వరసగా తన పాకెట్లు, అన్నీ ఎర్రవే. అటుగా ఎవడో బీదవాడు క్యారియరు పట్టుకుని ఆశగా చూస్తున్నాడు. తను పెద్దమనసుతో, "పట్టుదల ఉండాలి నాయనా," అంటున్నాడు. ఒళ్లు పులకరించింది.

పరిమితి వద్దని చెయ్యెత్తాడు. నిలబడ్డ ఎర్రజట్టువాళ్లు కొట్టిన చప్పట్లు కూర్చున్నవాళ్ల చప్పట్లని మించిపోయాయి (నిలబడితే చేతులు బాగా ఆడతాయి). గియాసుద్దీన్ టిఫిన్ డబ్బా మూత పెట్టుకున్నాడు.

మర్నాడు మాత్ర వేసుకుని క్యాంటీన్‌లోకి వచ్చిన సుధాకరరావుకి మూడో ప్రదక్షిణంలో చెమటలు పట్టాయి. బల్లలు ఊగాయి. క్యారియరు జారి, పప్పుచారు నేలపాలైంది. కిటికీ పక్కన వరసగా ఖాళీ కుర్చీలు, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క అభిప్రాయం. అతను ఒకదాన్ని పట్టుకోబోయి, ఎవరి నోరు నొక్కినట్టవుతుందోనని చెయ్యి వెనక్కి తీసుకుని, మర్యాదగా నేల మీద పడ్డాడు.

ఎర్రజట్టు అయ్యో అంది. నీలంజట్టు అయ్యయ్యో అంది. కదిలినవాడు లేడు.

మెట్ల దగ్గర్నుంచి గియాసుద్దీన్ పరుగున వచ్చాడు. దగ్గరి కుర్చీ మీది పాకెట్ తీసి అవతలికి విసిరాడు. రెక్క పట్టి లేపి కూర్చోబెట్టాడు. ఆదెమ్మ చక్కెర దట్టించిన టీ తెచ్చి, "తాగు తంబీ, కూకున్నావు గదా ఇప్పుడు!" అని నోటికందించింది. తలుపు దగ్గర నిలబడ్డ కాత్యాయని తన డబ్బాలోని పెరుగన్నం విప్పి ఇచ్చింది.

రెండు ముద్దలు లోపలికి పోయాక సుధాకరరావు కళ్లు తెరిచాడు. నేల మీద పడున్న పాకెట్ వైపు చూశాడు.

"భాయ్, నువ్వు తీసింది ఎర్రదా, నీలందా?"

గియాసుద్దీన్ ఇంకో ముద్ద కలిపి అతని నోటి దగ్గర పెట్టాడు. "తిను, రావ్ సాబ్," అన్నాడు.

గియాసుద్దీన్ మీద కేసు నడుస్తోంది. నేరం, ఒక అభిప్రాయాన్ని నేల మీద పారేయడం. సాక్షిగా సుధాకరరావుని పిలిచారు. ఈ విచారణ కూడా అతను నిలబడే వింటున్నాడు.

కాబట్టి గ్రాడీ దొరా, రాజేష్ దొరా, ఎర్ర దొరలూ, నీలం దొరలూ! సాకులొద్దు, కమిటీలొద్దు, అధ్యయన కేంద్రాలొద్దు. గియాసుద్దీన్ మీద కేసు ఇవాళే ఎత్తేయండి. కుర్చీల మీది పాకెట్లన్నీ ఊడ్చి అవతల పారేయండి. మనిషికొక్క కుర్చీ ఇవ్వండి, మొదటిది కాత్యాయనికి. తర్వాత స్వేచ్ఛ గురించి ఎంతసేపు కావాలంటే అంతసేపు మాట్లాడుకుందాం.

కూర్చుని.