ఐదు లెక్కపెట్టాక వచ్చే పన్నెండు

బడికి రోజూ ఎవరో ఒకరు తనిఖీకి రావాలి. వారానికొకరు ఏం సరిపోతారండీ? పూటకొకరు రావాలి! వీలుంటే ఒకాయన లోపల కూర్చుని పాఠం చూస్తుండగా, ఇంకొకాయన కిటికీలోంచి ఆ చూసేవాణ్ణి చూస్తుండాలి. అప్పుడుగానీ చదువులు బాగుపడవు.

ఈ మాటంటే మా వీధి మంగలి నవ్వాడు. "నిమిషానికోసారి మూత తీసి చూస్తుంటే అన్నం ఉడుకుతుందా తాతా?" అన్నాడు. "నీకేం తెలుసురా సంస్కరణల సంగతి, నీ కత్తెర సంగతి చూసుకో" అన్నాను. "నా కత్తెర సంగతి నువ్వే చూసుకోవాలి తాతా, కదిలావంటే చెవి నీదే" అన్నాడు. చెవి ముఖ్యం గనక అక్కడితో ఊరుకున్నాను. ఇక్కడ కత్తెర లేదు. కాబట్టి చెప్తాను, వినండి.

మా చిన్నప్పుడు ఊళ్ళో బడికి ఏడాదికి ఒక్కసారి ఇనస్పెక్టరు వచ్చేవాడు. మిగతా రోజులన్నీ మా అయ్యవారు ఏం చేసేవాడనుకున్నారు? పాఠం చెప్పేవాడు! పాపం, వేరే పనే ఉండేది కాదు. ఎక్కాలు ఎంత గట్టిగా చెప్పేవాడంటే, గోడవతల కట్టేసిన గేదెకి కూడా పదమూడో ఎక్కం దాకా వచ్చేసింది. పాలు పితికేవాడు "ఇవాళ ఎన్ని చెంబులే?" అంటే లెక్కగా అన్నిసార్లు తోక ఊపేది. పద్నాలుగో ఎక్కం అయ్యవారికే తడబాటు గనక, పాలు కూడా పదమూడు చెంబుల దగ్గర ఆగిపోయాయి. అబద్ధమైతే ఆ గేదెనే అడగండి.

కానీ ఏం లాభం? ఆ గేదె నేర్చుకున్నట్టు ఫోటో ఉందా? రిపోర్టు ఉందా? ఎవరైనా టిక్కు పెట్టారా? ఆధారం లేని చదువు కూడా ఒక చదువేనా!

ఇప్పుడు చూడండి. మా మనవరాలి బడిలో కొత్త విధానం వచ్చింది. మనవరాలంటే ఆరో తరగతి పిల్ల. ఒక్కచోట కాలు నిలవదు గనక ఇంట్లో అందరం ఉడత అంటాం. తనిఖీకి వచ్చే అధికారి చేతిలో టాబ్లెట్ ఉంటుంది. అందులో నలభై రెండు గళ్ళుంటాయి. టీచరు నవ్విందా, పిల్లలు నవ్వారా, గోడ మీద చార్టు రంగుల్లో ఉందా... ఇలా. అన్నింటికంటే ఎక్కువ మార్కులున్న గడి ఒకటుంది: "విద్యార్థి తన తప్పును తానే తెలుసుకుని దిద్దుకునెను."

మరి దిద్దుకోవాలంటే ముందు తప్పు చెయ్యాలి కదా! తప్పు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే అధికారి టీ చల్లారిపోదూ? అందుకని హెడ్మాస్టరుగారు బాగా ఆలోచించి, తప్పు చెప్పే బాధ్యతని ఒక పిల్లకి అప్పగించారు. ఆ పిల్లే మా ఉడత.

మా వంశంలో ఇంత పెద్ద పదవి ఇంతకుముందు ఎవరికీ రాలేదు. మేమంతా తప్పులు ఊరికే చేశాం.

పాఠం ఎప్పుడూ ఒకటే. లెక్కల టీచరమ్మ అడుగుతుంది: "ఆరుని సగంతో భాగిస్తే ఎంత?" ఉడత లేచి, తల గోక్కుని, "మూడు, టీచర్" అంటుంది. టీచరమ్మ నవ్వి, "మంచి ప్రయత్నం! ఇంకోసారి ఆలోచించమ్మా" అంటుంది. అప్పుడు ఉడత కప్పుకేసి చూస్తూ మనసులో ఐదు దాకా లెక్కపెట్టుకుని, కళ్ళు ఇంత చేసుకుని, "ఓ! పన్నెండు!" అంటుంది. క్లాసంతా చప్పట్లు. గడిలో టిక్కు. గేటు మీద "ప్రథమ శ్రేణి బడి" అని నీలం బోర్డు.

ఈ ఏడాది పదకొండుసార్లు ఆడారు ఈ ఆట! టిక్కెట్టు పెట్టి ఆడే నాటకాలే అన్నిసార్లు ఆడటం లేదు.

ఒకరోజు ముచ్చటపడి అడిగాను. "అవునే ఉడతా, పన్నెండు ఎలా వచ్చిందే?"

"నాకేం తెలుసు తాతయ్యా? ఐదు లెక్కపెట్టాక వస్తుంది."

"టీచర్ని అడగలేకపోయావా?"

"అడిగా. ఈ విజిట్ అయిపోనీ, చెప్తానమ్మా అంది. అది అయ్యేసరికి ఇంకో విజిట్ వచ్చింది." కాసేపు గోళ్ళు కొరుక్కుని అంది, "పంచితే తగ్గాలి కదా తాతయ్యా! ఇది పెరుగుతుందేంటి? మా క్లాసులో ఎవరికీ తెలీదు. అందరూ నాకు తెలుసనుకుంటున్నారు."

నేను గేదె కథ ఎత్తుకున్నాను. "అది కాదు తాతయ్యా" అని లేచిపోయింది. నా కథ మధ్యలో ఎవరైనా లేచిపోవడం అదే మొదలు. అసలు సంగతి ఏమిటంటే, ఎందుకు పెరుగుతుందో నాకూ తెలీదు.

ఇక ఇప్పుడు నేను చెప్పబోయేది నేరం. పిల్లలుంటే కాస్త అవతలికి పంపండి.

మా ఇంటి ఎదురుగా బస్ స్టాపు. ఒక సాయంత్రం లెక్కల టీచరమ్మ అయిదింటి బస్సు కోసం నిలబడి, మంచినీళ్ళు అడగడానికి మా మెట్లెక్కింది. గ్లాసు అందిస్తూనే ఉడత అడిగేసింది. "టీచర్, ఇప్పుడు విజిట్ లేదు కదా. అది ఎందుకు పెరుగుతుంది?"

టీచరమ్మ గ్లాసు కింద పెట్టింది. దొంగలా వీధి అటూ ఇటూ చూసింది. టాబ్లెట్ పట్టుకున్నవాడు ఎవడూ కనపడలేదు.

"బాబాయిగారూ, ఒక తాడుంటే ఇస్తారా?"

ఇంట్లో ఉన్నది మా కోడలు బట్టలారేసుకునే తాడొక్కటే. విప్పి ఇచ్చాను. ఉడత చేతులు చాచి కొలిచింది, సరిగ్గా ఆరు బారలు. "ఇప్పుడు దీన్ని సగం బార ముక్కలుగా కొయ్యి. ఎన్నొస్తాయో చూద్దాం" అంది టీచరమ్మ. వారించే లోపే కత్తెర ఆడింది. ఒకటి, రెండు... పన్నెండు ముక్కలు!

"తాడు పెరిగిందా?"

"లేదు టీచర్, ముక్కలే ఎక్కువయ్యాయి."

"అంతేనమ్మా. ఆరుని ఇద్దరికి పంచడం లేదు మనం. ఆరులో ఎన్ని సగాలున్నాయో అడుగుతున్నాం."

"ఓ!" అంది ఉడత.

ఐదు లెక్కపెట్టకుండానే అంది! నేను కళ్ళారా చూశాను. అయిదింటి బస్సు హారన్ కొట్టి, దుమ్ము రేపి వెళ్ళిపోయింది. ఇద్దరూ తలెత్తి చూడలేదు. ఉడత ముక్కల్ని మళ్ళీ కోస్తోంది, పావు బారలు ఎన్నో చూద్దామని. తడిబట్టల బకెట్టుతో వచ్చిన మా కోడలు అన్న మాటలు పత్రికలో వేసేవి కావు.

ఆ పది నిమిషాల ఫలితం చూడండి! పన్నెండో తనిఖీ వచ్చింది. టీచరమ్మ అడిగింది: "ఆరుని సగంతో భాగిస్తే ఎంత?" ఉడత లేచింది. తల గోక్కుంది. కిటికీ అవతల హెడ్మాస్టరుగారు మూడు వేళ్ళు చూపిస్తున్నారు. మూడు అనాలనే చాలా ప్రయత్నించిందట. నోరు తిరగలేదట!

"పన్నెండు" అంది. అని ఊరుకుందా? "సగం బార ముక్కలు పన్నెండొస్తాయి సార్. పావు బారలైతే ఇరవై నాలుగు. కావాలంటే మా అమ్మనడగండి, తాడు లేక ఇప్పుడు బట్టలన్నీ కుర్చీల మీదే ఆరేస్తోంది" అని కూడా చెప్పింది. వెనక బెంచీ నుంచి ఇంకో పిల్ల లేచి, "మరి మూడో వంతు బారలైతే?" అంది. అది ఎవరూ నేర్పని ప్రశ్న!

అధికారి నలభై రెండు గళ్ళూ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాడు. ఎక్కడా చోటు దొరకలేదు. చివరికి పాపం, ఇలా రాశాడు: "విద్యార్థికి విషయం ముందే తెలుసు. తరగతిలో అభ్యసన జరిగినట్టు ఆధారం లేదు."

బడి జిల్లాలో మొదటి స్థానం నుంచి పదిహేడుకి పడిపోయింది. నీలం బోర్డు ఊడదీశారు. తాడు సంగతి ఆరా తీసి టీచరమ్మకి సంజాయిషీ నోటీసు ఇచ్చారు. బడివేళ దాటాక, అనుమతి లేకుండా, తాడు సాయంతో బోధించినందుకు! సమాధానం నచ్చకపోతే బదిలీ చేస్తారట.

సబబే కదండీ? ఇలా ఎవరికి పడితే వాళ్ళకి అర్థమైపోతుంటే, రేపు తప్పు చెప్పేదెవరు? దిద్దుకునేదెవరు? నలభై రెండు గళ్ళూ ఏం కావాలి?

చాడీలు చెప్పే అలవాటు నాకు లేదు. అయినా సంస్కరణల మీది అభిమానంతో రాస్తున్నాను. ఆవిడకి బుద్ధి రాలేదు. నోటీసు సంచిలో పెట్టుకుని మరీ రోజూ అయిదింటి బస్సు వదిలేస్తోంది. మా మెట్ల మీద నిన్న తొమ్మిదిమంది పిల్లలున్నారు. ఒక్కడైనా ఫోటోకి నవ్వడం లేదు, నొసలు చిట్లించి ఆలోచిస్తున్నారు. నాకైతే కూర్చునే చోటు లేదు. పైగా మూడో వంతులు తేలడం కోసం నా తువ్వాలు కూడా పోయింది.

అధికారులు ఒక సాయంత్రం స్వయంగా వచ్చి ఈ అన్యాయాన్ని కళ్ళారా చూడాలని నా మనవి. కింది మెట్టు ఖాళీగా ఉంచుతాం. టాబ్లెట్ అక్కర్లేదు. తాడు మాత్రం తెచ్చుకోండి, మా ఇంట్లో ముక్కలే మిగిలాయి.