గోడ వచ్చేదాకా

అది ఆగస్టు ఏడో తేదీ, బుధవారం. ఉదయం రెండు అరటిపళ్ళు మాత్రం తిని బడికి వచ్చారు లెక్కల మాస్టారు. "రేపు గోల వినిపించిందా, మీ కంప్యూటర్ క్లాసు అంతటితో సరి. ఆ గది ఆటసామాన్లకి ఇచ్చేస్తాను" అని పెద్ద మేడం ముందురోజే తేల్చి చెప్పారు.

అందుకే ఆయన కంప్యూటర్ల జోలికి పోకుండా నెమ్మదైన ఆట ఒకటి ఎంచుకున్నారు.

"ఈ పీరియడంతా నేను మరమనిషిని. చీటీ మీద రాసిందే చేస్తాను. నోటితో చెబితే వినను. మాట్లాడమని రాస్తేనే మాట్లాడతాను. కంప్యూటరుకి మన మనసులో మాట తెలియదర్రా!"

ఆరో తరగతి పిల్లలు గుసగుసలాడుకుని మొదటి చీటీ ఇచ్చారు: "గోడ వచ్చేదాకా నడువు."

వాళ్ళ ఉద్దేశం నల్లబల్ల ఉన్న గోడ. మాస్టారు మాత్రం గుమ్మం వైపు తిరిగి ఉన్నారు. గుమ్మం దాటారు, వరండా దాటారు, ఎదురుగా తెరిచి ఉన్న పెద్ద మేడం గదిలోకి నడిచి, ఆమె కుర్చీని రాసుకుంటూ వెళ్ళి, వెనక గోడకు ముక్కు ఆనించి ఆగారు.

"ఏంటి మాస్టారూ, ఏం కావాలి?"

మాస్టారు ముక్కు గోడ మీంచి తియ్యలేదు. నోరు తెరిస్తే తన పరువు దక్కుతుంది. కానీ గుమ్మంలోంచి పిల్లలంతా తొంగిచూస్తున్నారు. పాఠం పోతుంది.

"అయ్యో, పక్షవాతంలా ఉందే!"

మేడం కేక విని అటెండరు నీళ్ళతో, డ్రిల్లు మాస్టారు బెంచీతో పరుగున వచ్చారు. ఒకరు ముఖాన నీళ్ళు కొట్టారు, ఇద్దరూ కలిసి పడుకోబెట్టారు. అటెండరు తన తువ్వాలుతోనే ఆయన ముఖం మెల్లగా తుడిచాడు.

"బిగుసుకుపోయాడండీ మనిషి!"

"అంబులెన్సుకి ఫోన్ చెయ్యవయ్యా!"

"వద్దు మేడం!" ఎప్పుడూ పెదవి విప్పని వెనకబెంచీ పిల్ల ముందుకొచ్చింది. "సార్‌కి ఏం కాలేదు. తప్పు మాదే. ఎటు తిరగాలో రాయలేదు." ఆట సంగతంతా చెప్పింది.

మేడం ముఖం కందగడ్డ అయింది. "ఇదే ఆఖరి క్లాసు. మాస్టారూ, లేచి మీ గదికి వెళ్ళండి!"

ఆయన కదల్లేదు.

"రాయాలి మేడం" అంది ఆ పిల్ల.

మేడం పళ్ళు నూరుతూ రాశారు: "మీ గదికి వెళ్ళండి." అయినా కదల్లేదు.

"ముందు లేవమనాలిగా మేడం!" పిల్లలంతా అందుకున్నారు.

"లేచాక ఎటు తిరగాలి?"

"ఎన్ని అడుగులో?"

రెండో చీటీకి ఆయన లేచారు. నాలుగోదానికి బీరువాను గుద్దుకున్నారు. మేడం కొట్టేసి మళ్ళీ రాశారు. "ఎవరూ చెప్పకండి, నాకు తెలుస్తోంది!" అని పిల్లల్ని కసిరారు. పన్నెండో చీటీకి మాస్టారు వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. పిల్లలు ఈలలు వేశారు. గంట కొట్టాలన్న సంగతి అటెండరుకు గుర్తే లేదు.

"అయితే ఆటసామాన్లు ఎప్పుడు తెచ్చి పడెయ్యమంటారు?" అడిగారు డ్రిల్లు మాస్టారు.

"ఎక్కడికి తెస్తావయ్యా? రేపు మళ్ళీ క్లాసుంది" అన్నారు మేడం, పన్నెండు చీటీలూ జాగ్రత్తగా మడిచి పర్సులో పెట్టుకుంటూ.

పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆమె రాసిన ఆర్డరు పొల్లుపోకుండా అమలు కావడం అదే మొదటిసారి.