కెప్టెన్‌కి నాలుగు వందల పన్నెండు ఇళ్ళు

"కుక్కని పెంచేవాళ్ళకి కావలసినవి ఆరు!" అని మా కార్పొరేటర్ అప్పలకొండ గారు మైకులో ప్రకటించిన రోజు వన్ టౌన్ చరిత్రలో మిగిలిపోవాలి. మనిషికి ఏమేం కావాలో వేళ్ళు మడిచి చెప్పిన నాయకుడిని నా డెబ్భై నాలుగేళ్ళలో చూడలేదు. ఈ మహానుభావుడు కుక్కకి చెప్పారు.

మెడకి బెల్టు, దానికో గొలుసు, తిండికి గిన్నె, పడకకి పరుపు, బొచ్చుకి దువ్వెన, వానకి కోటు. గిన్నె మాత్రం స్టీలుదే.

"ఉక్కు నగరంలో కుక్క పిలాస్టిక్ గిన్నెలో తింటే మన పరువు ఏటవ్వాలి?" అని అడిగారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నాకు మోకాళ్ళే నొప్పులు, చేతులు బాగానే ఉన్నాయి.

పథకం పేరు శునకశ్రీ. కుక్క ఉన్న ప్రతి ఇంటికీ కిట్టు ఉచితం. బెల్టుకి నంబరు బిళ్ళ ఉంటుంది. ఒకటో తారీకు నుంచి ఆ బిళ్ళ లేని కుక్క కనబడితే వ్యాను పట్టుకుపోతుంది. ఈ ఆఖరి మాట ఆయన మెల్లగానే చెప్పారు. నాకు మాత్రం అదొక్కటే గట్టిగా వినబడింది.

ఎందుకంటే మా ఇంట్లో కెప్టెన్ ఉన్నాడు. మా ఆయన యోహాన్ పోర్టులో క్రేను నడిపేవారు. హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన వారం, తడిసి ముద్దయిన కుక్కపిల్లని సైకిలు బుట్టలో వేసుకొచ్చారు. ఎడమ చెవి సగమే ఉంది. "ఓడ మునిగినా దిగనోడిలాగున్నాడే ఫ్లోరెన్సూ" అని ఆ పేరు ఆయనే పెట్టారు. ఆయన పోయి నాలుగేళ్ళు. సాయంత్రం ఐదున్నరకి, ఆయన డ్యూటీ దిగి వచ్చే వేళకి, కెప్టెన్ ఇప్పటికీ గుమ్మంలో కూర్చుంటాడు. నేనూ వెళ్ళి పక్కన కూర్చుంటాను. మా ఇద్దరికీ అంతకంటే పనేముంది?

మర్నాడు పొద్దున్నే పార్టీ కార్యకర్త చందు కుంటుకుంటూ వచ్చాడు.

"మామ్మా, కెప్టెన్ని మూడ్రోజులు ఇత్తావేటి?"

"ఏటికిరా?"

"ఫొటోలకి. కుక్క పక్కన ఓనరు నిలబడి ఫొటో దిగితేనే కిట్టు. మన వార్డు టార్గెట్టు నాలుగొందల పన్నెండు. ఇళ్ళల్లో ఉన్న కుక్కలు..." అని వేళ్ళు చూసుకున్నాడు. "ఒకటి."

"సేపల మార్కెట్టు కాడ బోల్డు కుక్కలున్నాయి కదరా?"

చందు ప్యాంటు పైకి లాగి పిక్క మీద కట్టు చూపించాడు. "నిన్న ఎల్లాను మామ్మా. అయి ఫొటోకి ఒప్పుకోనేదు."

"మరి మా కెప్టెన్‌కి బెల్టో?"

"లీడరు గారు తన సేతుల్తో కడతారు. ఒకటో తారీకు సభలో, స్టేజీ మీద! నువ్వు లైన్లో కూడా నిలబడక్కర్నేదు."

ఇంత గౌరవం మా వంశంలో ఎవరికీ జరగలేదు. ఇచ్చాను.

మా పక్క కొట్లో స్టవ్వులు బాగుచేసే దావూద్ ఉన్నాడు. వాళ్ళ అరుగు మీదే స్టూడియో పెట్టారు. ఓనరు వస్తాడు, కెప్టెన్ పక్కన నిలబడతాడు, క్లిక్కుమంటుంది, వెళ్ళిపోతాడు. కెప్టెన్ వెళ్ళడు. రెండో రోజు దావూద్ కొట్లో మసి రాస్తే నల్లకుక్క అయ్యాడు. మూడో రోజు నా పౌడరు డబ్బా ఖాళీ చేస్తే తెల్లకుక్క అయ్యాడు. ఆఖరికి ఎవరైనా ఫోను ఎత్తితే చాలు, తనంతట తనే నిటారుగా కూర్చుని నాలుక బయటపెట్టడం నేర్చుకున్నాడు.

ఫారంలో కుక్క పేరు రాయాలి. ఇడ్లీలమ్మే సూర్యకాంతమ్మకి ఏ పేరూ తోచలేదు. నలభై ఏళ్ళుగా మొగుడి పేరు నోటితో పలకని మనిషి, ఆ రోజు ధైర్యం చేసి అదే రాయించింది.

గుర్తింపు చిహ్నం అనే గడి కూడా ఉంది. ఫారాలు తీసుకునే ఆఫీసరమ్మ శ్రీసత్య చక్కటి పిల్ల, చాలా శ్రద్ధగా చూస్తుంది.

"అన్నిటికీ ఎడమ చెవి సగమే ఉందేంటండీ?" అంది.

"వన్ టౌన్ బ్రీడు మేడమ్," అన్నాడు చందు.

ఆమె అలాగే రాసుకుని, ఓనరుకి కుక్క కార్డు చేతికిచ్చింది.

మూడు రోజుల్లో టార్గెట్టు పూర్తి. కిట్లతో వీధంతా వెలిగిపోయింది. సూర్యకాంతమ్మ స్టీలు గిన్నెలో చట్నీ పోసింది. వాళ్ళ అత్తగారు పరుపు మీద కాళ్ళు పెట్టుకుంది. కోట్లు స్కూటర్ సీట్లకి తొడిగారు. దావూద్ బెల్టుతో మోపెడ్ వెనక గ్యాసు బండ కట్టుకున్నాడు. ఒక్క పథకంతో ఇంతమందికి మేలు చేసిన నాయకుడు ఇంకెక్కడ దొరుకుతాడు!

ఒకటో తారీకు వచ్చింది. కెప్టెన్‌కి రెండు బకెట్ల నీళ్ళతో స్నానం చేయించి సభకి తీసుకెళ్ళాను. స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీ, దాని మీద నాలుగు వందల పన్నెండు ఫొటోలు. ముందు రిబ్బను కట్టిన కొత్త వ్యాను. దాన్నీ ఆ రోజే ప్రారంభిస్తారట. చందు మమ్మల్ని మెట్లెక్కించి చెవిలో చెప్పాడు.

"మామ్మా, చిన్న ప్రాబ్లెమ్. ఆఖరి కిట్టు లీడరు గారి బావమరిదికి ఎల్లిపోనాది."

"ఆయనకి కుక్క నేదు కదరా!"

"కారుంది కదా. పరుపు సీటుకి బాగా సరిపోనాది."

కింద నిలబడి విన్న దావూద్, "ఆగండి మామ్మగారూ, నా బెల్టు ఇప్పుకొస్తాను!" అని పరిగెత్తాడు. గ్యాసు బండకి వేసిన ముడి. అంత తొందరగా వస్తుందా?

అప్పలకొండ గారు అప్పటికి గంట నుంచి కుక్క విశ్వాసం గురించి చెబుతున్నారు. కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకుని చూసేసరికి ఎదురుగా కెప్టెన్.

"బెల్టు నేని కుక్క స్టేజీ మీదకి ఎలాగొచ్చింది? ఎవలిదిది?"

దావూద్ తప్ప మిగతా నాలుగు వందల పదకొండు మందీ కుర్చీల్లోనే ఉన్నారు. అందరూ ఫ్లెక్సీ మీద తమ ఫొటో వెతుక్కుంటున్నారు.

"నాది బాబూ! మా కెప్టెన్ బాబూ!" అని అరిచాను. మైకు ఆయన దగ్గర ఉంది. నేను దీవిస్తున్నాననుకుని దణ్ణం పెట్టారు.

కొత్త వ్యాను ఖాళీగా కదిలితే శకునం బాగోదు. విలేకరులు కూడా సిద్ధంగా ఉన్నారు. కెప్టెన్ని ఎక్కించారు. ఆయన పచ్చజెండా ఊపారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. వ్యాను ఇనప జాలీ వెనక కెప్టెన్ నిటారుగా కూర్చుని నాలుక బయటపెట్టాడు. దావూద్ బెల్టు పట్టుకుని వచ్చేసరికి వ్యాను మలుపు తిరిగిపోయింది.

ఆ సాయంత్రం ఐదున్నరకి గుమ్మంలో ఒక్కదాన్నే కూర్చున్నాను.

మర్నాడు పరవాడ రోడ్డులో ఉన్న కుక్కల షెడ్డుకి వెళ్ళాం. సిగ్గుపడ్డారో ఏమో, యాభై మంది ఆటోలు కట్టించుకుని నాతో వచ్చారు. అందరి చేతుల్లోనూ కార్డులే. షెడ్డు బల్ల దగ్గర శ్రీసత్యే ఉంది.

దావూద్ కార్డు పెట్టాడు. "ఈ కుక్క నాది మేడమ్."

"మీ కుక్కకి బెల్టు ఇచ్చాం కదా?"

"ఇచ్చారు."

"బెల్టున్న కుక్కని వ్యాను పట్టదు. కాబట్టి మీ కుక్క ఇంట్లో ఉంది."

"ఇంట్లో లేదు మేడమ్. అదిగో, ఇక్కడుంది."

"అంటే బెల్టు కుక్కకి కట్టలేదా? కిట్టు దుర్వినియోగం చేశారా?"

దావూద్ కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇంట్లోనే ఉంది మేడమ్. పొద్దున్న కూడా చూశాను."

యాభై మందికీ తమ కుక్కలు ఇంట్లోనే ఉన్నట్టు ఒకేసారి గుర్తొచ్చింది.

"మీ కార్డేదండీ?" అని నన్నడిగింది.

"నాకు కార్డు నేదమ్మా."

"అయితే మీకు కుక్క లేదు."

కెప్టెన్ జాలీలోంచి నన్ను చూసి తోక ఊపుతున్నాడు. పదకొండేళ్ళు అన్నం పెట్టాను.

"నేదమ్మా," అన్నాను.

"మంచిది. కుక్క లేనివాళ్ళు ఇక్కడి నుంచి దత్తత తీసుకోవచ్చు. ఫారం నింపండి. గుర్తింపు చిహ్నం?"

"ఎడం సెవి సగం."

"ఓహో, వన్ టౌన్ బ్రీడే!" అని ముచ్చటపడి ఫోను ఎత్తింది. కెప్టెన్ నిటారుగా కూర్చుని నాలుక బయటపెట్టాడు.

"దత్తత కిట్టు రెండో విడతలో వస్తుంది," అంది. అప్పటిదాకా ఉంటుందని దావూద్ తన బెల్టే కెప్టెన్ మెడకి కట్టి, గ్యాసు బండకి తాడు కట్టుకున్నాడు.

మర్నాడు చందు పేపరు తెచ్చి, నాకు చదువు రాదు కనుక గట్టిగా చదివి వినిపించాడు. దేశంలో ఏ వార్డులోనూ లేనంతగా మా వార్డులో పెంపుడు కుక్కలు నాలుగు వందల పదమూడుకి చేరాయట. జనం భయంతో బయటికి రాలేకపోతున్నారని అప్పలకొండ గారు తీవ్ర ఆందోళన వ్యక్తం చేశారట. వెంటనే ఇంకో రెండు వ్యాన్లు మంజూరు చేయించారట.

ఐదున్నరయింది. నేను గుమ్మంలో కూర్చున్నాను. ఆ నాలుగు వందల పదమూడు కుక్కలూ నా పక్కనే కూర్చుని, సగం చెవి రిక్కించి, పోర్టు వైపు చూస్తున్నాయి.