సంచికి బరువు పరీక్ష

శనివారం పొద్దున ఉమాకాంత్ పెట్టుకున్న పని ఒక్కటే, కొత్త సంచి తన వీపుకు కుదిరిందో లేదో తేల్చుకోవడం. మర్నాడు ఆఫీసువాళ్ళంతా ములుగు అడవిలో ట్రెక్కింగుకు పోతున్నారు. కిందటిసారి గుట్ట ఎక్కుతుంటే కూతురి బడి సంచి పట్టీ తెగి, టిఫిన్ డబ్బా, పళ్ళపొడి, చారల లుంగీ అందరి కళ్ళముందే కిందికి దొర్లాయి. ఆనాటి నుంచి ఆఫీసులో ఆయన ఉమాకాంత్ కాదు, లుంగీ సార్. ఈ ఆదివారం ఆ పేరు చెరుపుకోకపోతే రిటైర్మెంటు సభలో కూడా అదే పేరుతో శాలువా కప్పుతారని ఆయన భయం.

అందుకే ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని కొన్నాడు. మెడ ఎముక నుంచి నడుం ఎముక దాకా టేపుతో కొలిపించుకున్నాడు. బరువు భుజాల మీద కాదు, నడుం పట్టీ మీద పడాలని వీడియోలు చూసి నేర్చుకున్నాడు. పేరున్న సంచుల ధరలకు దూరం నుంచే దండం పెట్టి, హన్మకొండలో ఓ చిన్న దుకాణంలో పేరు లేని సంచి పట్టుకొచ్చాడు.

"బరువేసి మీ వాడంత ఓ చుట్టు తిరుగుండ్రి సార్. సెట్ కాకుంటె సాయంత్రం లోపట వాపస్ తెండ్రి. మరక మాత్రం పడొద్దు," అన్నాడు దుకాణదారు.

బరువు కోసం బియ్యం డబ్బా మూత తీశాడో లేదో, భార్య విజయశ్రీ వంటింట్లోంచి అరిచింది. "బియ్యం ముట్టుకుంటె ఊకోను! ఆ సంచి ఎక్కడెక్కడ పెట్టిండ్రో ఏమో!"

ఇక కంటికి ఆనింది దేవుడి గదిలోని బెల్లమే. మేడారం జాతరలో సమర్పించడానికి తల్లి రాజవ్వ పసుపు బట్టలో కట్టి పెట్టుకున్న ముద్దలవి. ఆ బెల్లాన్ని ఎవరూ బెల్లం అనరు, బంగారం అంటారు. అరగంటలో ఎక్కడిదక్కడ పెట్టేస్తే అమ్మవార్లకూ తెలియదు, అమ్మకూ తెలియదనుకుని సంచికెత్తాడు ఉమాకాంత్.

సందు మలుపులో, అరుగు మీద కూర్చున్న సారయ్యకు సంచి మూతిలోంచి పసుపు బట్ట కనిపించింది.

"ఏం ఉమాకాంత్, బంగారం ఎత్తుకున్నవ్? మేడారం నడిచి పోతానవా?"

దేవతల సొమ్ముతో సంచి పరీక్షిస్తున్నానని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? "అవ్ కాకా," అన్నాడు.

ఆ ఒక్క మాటే కొంప ముంచింది. సారయ్య గబగబా లోపలికి పోయి తన బంగారం తెచ్చాడు. "నాకు చాతనైతలేదు బిడ్డా. నాది గూడ తల్లుల గద్దె కాడ పెట్టు." నడిచిపోయేవాడి చేత మొక్కు పంపితే కాదనే ఆచారం ఆ నేతవాళ్ళ వాడలో లేదు. కబురు మగ్గాల చప్పుడు కన్నా ముందు పాకింది. ఇంటింటి నుంచి బంగారం వచ్చి సంచిలో పడింది. ఆడవాళ్ళు ఆయన కాళ్ళ మీద నీళ్ళు పోశారు, సంచికి పసుపు పూసి బొట్లు పెట్టారు. వాపసు సంగతి అక్కడితో సరి.

వరసకు అత్తయ్యే చిలుకమ్మ ఒక కోడిపుంజును తెచ్చి, మంచుకొండలెక్కేవాళ్ళు గొడ్డలి తగిలించుకునేందుకు సంచికి కుట్టిన కొక్కేనికి కట్టేసింది.

"అత్తా, కోడెందుకే!"

"నా మొక్కు బిడ్డా. జర పైలం."

అంతలో గుంపును చీల్చుకుంటూ రాజవ్వ వచ్చింది. ఉమాకాంత్‌కు తల కొట్టేసినట్లయింది. ఇంత వయసు వచ్చి బెల్లం దొంగలా నడివీధిలో దొరికిపోయాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

"నీ నౌకరి పర్మినెంట్ అయితె నడిచొస్తనని మొక్కిన కొడుకా. మోకాళ్ళు పట్టేసినయ్. మొక్కు తప్పితినని ఎవ్వలికి చెప్పలేక సిగ్గుతోని సచ్చిన. నేను చెప్పకుంటనే తెలుసుకున్నవ్!"

"అవ్వా, అది గాదు... నేను..."

"ఏం చెప్పకు," అంటూ ఆమె ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. సిగ్గు అంటే ఏమిటో ఉమాకాంత్‌కు అప్పుడు తెలిసింది. లుంగీ దొర్లిననాటిది దీని ముందు దిగదుడుపే.

విజయశ్రీ వచ్చి సంచిని, కోడిని, మొగుడి ముఖాన్ని వరసగా చూసింది. ఆమెకు అంతా అర్థమైంది. "నడుం పట్టీ గట్టిగ బిగించుకోండ్రి," అంది. రోడ్డు మీద మేడారం నడిచిపోతున్న జట్టు ఒకటి కనబడితే, వాడంతా కలిసి ఆయన్ను తీసుకుపోయి వాళ్ళకు అప్పగించింది.

ఆదివారం పొద్దున ఆఫీసర్ సుదర్శన్ ఫోన్ చేశాడు. "ఏమయ్యా లుంగీ సార్, జీపు తయారుగ ఉంది. ఎక్కడున్నవ్?"

ములుగు రోడ్డు మీద, అంత బంగారంతో, కాలినడకన ఉన్నానని ఒక్క ముక్క చెబితే చాలు, ఆ పేరు ఈ జన్మకు పోతుంది. కానీ అవ్వ ముఖం కళ్ళముందు మెదిలింది. దొంగ గొప్ప ఇంకొకటి నోట రాలేదు.

"ఈ ఆదివారం నాకు నడుసుడు కాదు సార్," అన్నాడు ఉమాకాంత్, నడుస్తూనే.