ఎవరూ ఆడని ఆటకు సైట్ విజిట్

'ఇప్పుడు కొనకపోతే చేయి దాటిపోతుంది' అనే భయం మీద నడిచే వ్యాపారాలు లోకంలో రెండే ఉన్నాయి. ఒకటి ఔటర్ రింగ్ రోడ్డు మీది బొంగులూరు ఎగ్జిట్ చుట్టూ అమ్మే ప్లాట్లు. రెండోది ఇంటర్నెట్టులో ఎండాకాలం తగ్గింపు ధరకు పెట్టే కంప్యూటర్ ఆటలు. ఈ రెంటినీ ఒకే కాడికి కట్టి దున్నిన మొదటి మండలం మా ఇబ్రహీంపట్నమేనని చరిత్ర రాసుకోవాలి. చరిత్రకు తీరిక లేకపోతే నేనున్నాను. ఊరి బడి దాటి చదవకపోయినా చరిత్ర కంటే నా దస్తూరీ మేలు.

సంగతి తెలియనివారి కోసం కొంత శాస్త్రం. ఇంటర్నెట్టులో 'ఆటలంగడి' అని ఒక దుకాణం ఉంది. అందులో నలభై వేల ఆటలున్నాయి. పెద్ద కంపెనీలు వెయ్యి మందిని పెట్టి చేయించినవి, అంటే తుపాకులు, కార్లు, మళ్లీ తుపాకులు, ముందు గుమ్మంలో ఉంటాయి. ఒక్కరే ఇంట్లో కూర్చుని కళ్లు పోగొట్టుకుని చేసిన చిన్న ఆటలు మాత్రం కిరాణా కొట్టులో ఆఖరి అర మీది శీకాయ పొట్లాల్లా వెనక పడి ఉంటాయి. ఏటా ఎండాకాలంలో పద్నాలుగు రోజులు తగ్గింపు. అప్పుడు జనం ఎగబడతారు. ఎగబడి, ముందు గుమ్మంలో ఉన్నవే కొంటారు.

వెనక అర మీది ఆట ముందుకు రావాలంటే, ఆటలంగడి నిబంధన పది, ఉపనిబంధన (ఆ) ప్రకారం, దాన్ని కొని, ఆడిన పది మంది తమ అభిప్రాయం రాయాలి. పది మంది రాసేదాకా ఆ ఆటను ఎవరికీ చూపించరు. ఎవరికీ చూపించకపోతే ఆ పది మంది ఎక్కడి నుంచి ఊడిపడతారని అడగదలచినవారి కోసం ఒక అధికారిని నియమించారు. ఆయన హోదా 'విస్మృత వస్తువుల ఉప పర్యవేక్షకుడు'. (ఆయనకు మూడు ఉత్తరాలు రాశాను. ఆయన్ను కూడా ఇంతవరకు ఎవరూ చూడలేదట.)

మా పక్కింటి వజ్రమ్మ కూతురు ఉజ్వల ఇంజనీరింగ్ చదివి, మూడేళ్లు గది తలుపు వేసుకుని ఒక ఆట చేసింది. పేరు 'నీరటి'; ఫోన్లో కూడా ఆడొచ్చు. చెరువు తూము ఎత్తి, దించి, కింది పొలాలకు నీళ్లు పంచేవాడే నీరటి. ఆటలో ఆ నీరటి మీరే. భుజాన పార, ముందు తూము, చుట్టూ ఇరవై మంది రైతులు. అందరికీ నీళ్లు కావాలి. చెరువులో అందరికీ సరిపడా లేవు. తుపాకులు లేవు, చంపడాలు లేవు. (యశోదమ్మ అనే రైతు మాత్రం మాటలతో చంపుతుంది.) మా నాయన కాలంలో నిజం నీరటి ఒకాయన ఉండేవాడు. ఆయన పార భుజాన వేసుకుని గట్టు ఎక్కితే, పడుతున్న వాన ఆగి 'ఎటు పడమంటవ్?' అని అడిగేది. అటువంటివాణ్ణి కళ్లారా చూసిన నేను, ఈ ఆటలో రెండో లెవల్లోనే యశోదమ్మ వరి ఎండగొట్టాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఆట గొప్పదనడానికి నాకు వేరే రుజువు అక్కర్లేదు.

వజ్రమ్మ మంచిదే కానీ గడువు మనిషి. తగ్గింపు మొదలైన రోజునే కూతురికి తీర్పు వినిపించింది. "ఆఖరి దినం సాయంత్రం ఆరు గంటలకు పది మంది రాసిండ్రా, ఇంకో ఆట చేసుకో, నేను నోరెత్త. రాయలేదా, సోమవారం పొద్దుగాల పోయి తిరుమల్ ఆఫీసుల కూసో."

తిరుమల్ బొంగులూరు వెంచర్‌కు మీడియేటర్. రోజంతా జనానికి ఫోన్లు చేసి 'సార్, ప్లాట్ చూస్తరా' అని అడిగే ఉద్యోగం అతని ఆఫీసులో ఖాళీగా ఉంది. (ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. చేరినవాళ్లు ఆగరు.)

తొమ్మిది రోజులు గడిచేసరికి మూడు అభిప్రాయాలు పోగయ్యాయి. ఒకటి నాది. ఒకటి ఉజ్వలతో చదువుకున్న రూత్‌ది. మూడోది ఎవరో దూరదేశపు పెద్దమనిషి రాసింది: 'నీళ్లు తడిగా ఉన్నవి.'

నేను ఊరికే కూర్చోలేదు. బస్టాండు ముందటి చాయ్ హోటల్లో 'ఎవరూ చూడని మంచి ఆటలు' అనే శీర్షిక కింద రోజుకొక ఆటను సిఫారసు చేశాను. (మొదటి రోజు 'నీరటి'. రెండో రోజు కూడా 'నీరటి'. నాకు తెలిసింది అదొక్కటే.) చాయ్ తాగేవాళ్లు శ్రద్ధగా విని ఒకే ప్రశ్న వేసేవారు.

"ఎవలన్న కొన్నరా?"

"ఇంక కొనలేదు."

"మంచిదైతే కొనకుండ ఎందుకుంటరు?"

నేను ఇంకో చాయ్ చెప్పి, మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి.

పదో రోజు తిరుమల్ అదే హోటల్లో నా మాటలు విన్నాడు.

"కాకా, నువ్వు చెప్పేది సిఫారసు లెక్క లేదు, సంతాపం లెక్కున్నది," అన్నాడు. "'పాపం, ఎవలు చూస్తలేరు' అంటే ఎవడు కొంటడు? 'ఇంక రెండే మిగిలినయ్' అనాలె."

"అది కంప్యూటర్ ఆట నాయనా. ఎంత మందికి అమ్మినా అయిపోదు."

"ప్లాట్లు గూడ గంతే. నువ్వు ఫికర్ జెయ్యకు."

"ఇండ్ల నీకేం వస్తది?"

"ఏం రాదు. ఎవలన్న ఏదన్న అమ్మలేక పరేషాన్ అయితుంటే నాకు చెయ్యి ఆగది. అలవాటు."

మరునాటికి సాగర్ రోడ్డు పొడవునా కరెంటు స్తంభాలకు ఫ్లెక్సీలు వేలాడాయి. 'నీరటి! నూరు శాతం నీటి వసతి గల ఏకైక ఆట! ఔటర్ ఎగ్జిట్ నుంచి పన్నెండు నిమిషాలు! ఉచిత సైట్ విజిట్, భోజన సదుపాయం కలదు! ఆఫర్ ఆదివారం సాయంత్రం ఆరు వరకే!' కింద ఒక పక్క తిరుమల్ ఫోటో, ఒక పక్క ఉజ్వల ఫోటో, మధ్యలో ఎవరిదో విల్లా.

శుక్రవారం నాడు సైట్ విజిట్ జరిగింది. రెండు బస్సుల్లో డెబ్బై మంది, నెత్తిన తిరుమల్ ఇచ్చిన టోపీలతో, వజ్రమ్మ ఇంటి ముందు షామియానా కింద దిగారు. వజ్రమ్మ టీవీని బయట బల్ల మీద పెట్టి, ఉజ్వల ఆట మొదలుపెట్టింది. ఎవరూ ఆట చూడలేదు. అందరూ టీవీ చుట్టూ తిరిగి, వెనక్కి వెళ్లి, అడుగులతో కొలుచుకున్నారు.

"తూర్పు ఎటు బిడ్డా?" బస్ డిపోలో మెకానిక్ పరమేష్ అడిగాడు.

"ఆటల పొద్దు కుడి దిక్కు నుంచి పొడుస్తదన్నా."

"అయితే తూము ఈస్ట్ ఫేసింగే. నీకన్న ముందు ఎవలి పేరు మీదున్నది?"

"ఎవలి పేరు మీద లేదన్నా. నేనే చేసిన."

"చేతులు మారలే. టైటిల్ క్లియర్," అని పరమేష్ అందరికీ వినిపించేలా ప్రకటించాడు.

అంతా సవ్యంగా సాగుతుండగా, ఇళ్లకు టైల్స్ వేసే యోబు పళ్లెం పక్కన పెట్టి లేచాడు. "బిడ్డా, గిది చెరువు ఎఫ్‌టీఎల్‌లకు వస్తదా?" (చెరువు నిండితే నీళ్లు ఎందాకా వస్తాయో ఆ గీతే ఎఫ్‌టీఎల్. దాని లోపల కట్టినవాటిని కూల్చేస్తారు. మా దిక్కు పిల్లలకు అ ఆ ల కంటే ముందు ఇదే నేర్పుతారు.)

ఉజ్వలకు అబద్ధం చెప్పడం రాదు. "ఆట మొత్తం చెరువులనే ఉంటది పెద్దబాపూ."

షామియానా కింద నమలడం ఆగిపోయింది. ఇద్దరు టోపీలు తీసేశారు. ఒకాయన బుల్డోజర్ ఏ సందులోంచి వస్తుందో చూడటానికి వీధిలోకి తొంగి చూశాడు.

తిరుమల్ తొణకలేదు. జేబులోంచి పసుపు మార్కర్ తీసి, టీవీ అద్దం మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీశాడు. "ఇది బఫర్ జోన్! ముప్పై అడుగులు ఇడిసిపెట్టినం. మీరు కొనేది గీతకు ఇవతలిది."

జనం ఊపిరి పీల్చుకుని మళ్లీ నమలసాగారు. (ఆ గీత ఇంకా పోలేదు. వజ్రమ్మ వార్తలు పెడితే, చదివే ఆవిడ మెడ దాకా బఫర్ జోన్‌లోనే ఉంటుంది.)

శనివారం సాయంత్రానికి రెండు వందల పన్నెండు మంది పేర్ల మీద ఆట అమ్ముడుపోయింది. పరమేష్ ఇద్దరు బిడ్డల పేర చెరొకటి, భార్య పేర ఒకటి, 'కార్నర్ బిట్' అని తన పేర ఒకటి తీసుకున్నాడు. తిరుమల్ ఊపులో తానే దొరికినన్ని పేర్లతో నలభై కొన్నాడు. నేను మిఠాయి డబ్బాతో వెళ్లేసరికి ఉజ్వల గడప మీద కూర్చుని ఫోన్ చూస్తోంది.

"తాతా, కొత్తగ కొన్నోళ్లు రెండు వందల పన్నెండు. తెరిచినోళ్లు సున్న."

"అంటే?"

"అంటే ఒక్కలు గూడ ఆడలే. ఆడకుంటే అభిప్రాయం రాయనియ్యరు. మూడు మూడే ఉన్నయి." నవ్వింది. ఏడ్చినా బాగుండేది.

ఆదివారం పొద్దున్నే ఆమె స్కూటీ వెనక ఎక్కి బయలుదేరాను. ముందు డిపోకు పోయాం. పరమేష్ ఒక బస్సు కింద పడుకుని ఉన్నాడు. కాళ్లతోనే మాట్లాడాను.

"తెరుస్తనా? పిచ్చిలేసిందా కాకా?" అన్నాయి కాళ్లు. "తెరిస్తే పాతదైతది. ఇయ్యాల ఆఫర్ అయిపోతది, రేపు రేటు లేస్తది, అప్పుడు ఇడుస్త. కోహెడల పండ్ల మార్కెట్ వస్తదని ప్లాట్లు కొన్నోళ్లు ఇండ్లు కట్టిండ్రా? పట్టుకొని కూసున్నరు."

"ఇది ఎంత ఆడినా అరగది పరమేష్."

"అన్నీ అరుగుతయ్ కాకా. నేను మెకానిక్‌ను."

చివరికి నాలుగింటిలో పడమటి ముఖంగా ఉన్నదని తాను అనుకున్న ఒకదాన్ని తెరవడానికి ఒప్పుకున్నాడు. (నాలుగూ ఒకటేనని చెప్పాను. అందరు మీడియేటర్లూ అట్లాగే చెబుతారన్నాడు.) పావుగంట ఆడి రాశాడు: 'గట్టు గట్టిగలేదు. తూముకు గ్రీజు పెట్టాలె.' నాలుగు.

ఆట కొన్నవాళ్లలో ఒకరైన ఎంకమ్మ, మార్కెట్లో ఆకుకూరలమ్ముతూ మాకు దొరికింది. తోటకూర కట్టల మధ్య ఫోన్ నిలబెట్టి తూము ఎత్తింది. రెండు నిమిషాల్లో మార్కెట్ మొత్తానికి ఆమె గొంతు వినిపించింది.

"ఓ యశోదమ్మా! నిన్ననే కదనే తీసుకున్నవ్, మల్ల ఎట్లడుగుతున్నవ్? సిగ్గు లేదా?"

"అక్కా, తోటకూర కట్ట ఒకటి," అన్నది ఒకావిడ.

"ఆగుండ్రి, మడి ఎండుతున్నది!"

ఆమె చెబుతుంటే ఉజ్వల రాసింది: 'అందరికి సమానంగ ఇచ్చిన. యశోదమ్మకు ఇయ్యలే. ఆమెకు నోరున్నది, చాలు.' ఐదు.

మధ్యాహ్నమంతా తిరిగాం. ఒకాయన తన ఆటను బ్యాంకు లాకర్లో పెట్టాలంటే ఏ కాగితం కావాలని మమ్మల్నే అడిగాడు. ఇంకొకాయన కొన్న ఫోన్‌నే బీరువాలో పెట్టి తాళం వేశాడు. సైట్ విజిట్‌కు భోజనం కోసమే వచ్చి, సిగ్గుపడి ఆట కొన్న నలుగురు కాలేజీ పిల్లలు మాత్రం ముందు 'బిర్యానీ బాగుంది' అని రాయబోయి, ఉజ్వల చూపుకు భయపడి ఆడి రాశారు. తొమ్మిది. టైము ఐదుంబావు.

మిగిలింది తిరుమల్. నలభై అతని దగ్గరే ఉన్నాయి.

"ఒక్కటి తెరువన్నా," అన్నది ఉజ్వల, బొంగులూరు ఆఫీసులోకి అడుగుపెడుతూనే.

"చెల్లె, నా ఆచారం నీకు తెల్వదు. ఇరవై ఏండ్ల సంది అమ్ముతున్న. అమ్మేదాంట్ల ఎన్నడు కాలు వెట్టలే. కాలు వెడితే మనసైతది. మనసైతే అమ్మబుద్ధి కాదు."

నాకు కోపం వచ్చి, "ఇంక అరగంటే ఉన్నది తిరుమల్! ఆఫర్ ఆరు వరకే!" అన్నాను.

ఆ మాట అతను ఇరవై ఏళ్లుగా లోకానికి చెప్పాడే కానీ, అతనికి ఎవరూ చెప్పలేదు. అతని ముఖం మారిపోయింది. చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది.

తూము ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు. బల్ల మీద ఆఫీసు ఫోన్లు మూడు మోగి మోగి ఊరుకున్నాయి. ప్లాట్ కొనడానికి వచ్చిన దంపతులను చేత్తోనే పొమ్మన్నాడు.

ఐదుముప్పావుకు ఉజ్వల అడిగింది. "అన్నా, రెండు ముక్కలు రాయి."

"ఆగు చెల్లె, యశోదమ్మ గట్టు తెంపింది."

ఐదు గంటల యాభై ఎనిమిది నిమిషాలకు నేను బతిమిలాడాను. "నాయనా, 'బాగుంది' అని ఒక్క మాట రాసి మల్ల ఆడుకో."

తిరుమల్ తల ఎత్తలేదు. "బాగుందో లేదో ఇంక తెల్వలే కద కాకా. చివరి మడికి నీళ్లు చేరనియ్యి. తెల్వకుండ మాట చెప్పుడు నాతోని కాదు."

(ఇరవై ఏళ్ల వృత్తి జీవితంలో ఈ వాక్యం అతని నోట రావడం ఇదే ప్రథమమని సాక్షిగా ధ్రువీకరిస్తున్నాను.)

ఆరయింది. ఉజ్వల ఫోన్ మోగింది. అవతల వజ్రమ్మ.

"ఎంత మంది?"

"తొమ్మిది మందమ్మా."

"పొద్దున టిఫిన్ డబ్బ కట్టిస్త," అన్నది వజ్రమ్మ.

ఆరుంబావుకు చివరి మడి తడిసింది. తిరుమల్ కళ్లు కూడా తడిశాయి. "చెల్లె, గిసొంటిది నా జన్మల చూడలే!" అని ఒక పేజీ నిండా రాశాడు. తగ్గింపు ముగిసింది కనుక పదో అభిప్రాయాన్ని వచ్చే ఎండాకాలం పరిశీలిస్తామని ఆటలంగడి జవాబిచ్చింది.

సోమవారం ఉజ్వల ఉద్యోగంలో చేరింది. తిరుమల్ లోపలి గదిలో తలుపు వేసుకుని ఏడో లెవల్లో ఉన్నాడు కాబట్టి ఫోన్లన్నీ ఆమే చేస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెబుతుండటంతో జనానికి మస్తు గురి కుదిరింది. మొదటి వారంలోనే ఆరు ప్లాట్లు అమ్మింది. ఆ ఆరింట్లో కూడా ఇంతవరకు ఎవరూ కాలు పెట్టలేదు.